యూకే నుంచి శాశ్వతంగా తిరిగి వచ్చేవారు తమ కారును బెంగళూరుకు తెచ్చుకోవచ్చా?

ప్రశ్న (వైట్‌ఫీల్డ్ నివాసి, బెంగళూరు)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి, అల్లుడు చాలా ఏళ్లుగా బర్మింగ్‌హాంలో ఉంటున్నారు. వచ్చే వేసవిలో అక్కడి ఉద్యోగాలు వదులుకొని, పిల్లవాణ్ణి ఇక్కడి బడిలో చేర్పించాలన్న ఉద్దేశంతో శాశ్వతంగా బెంగళూరుకు వచ్చేస్తున్నారు. అక్కడ వాళ్లు నడుపుతున్న పెట్రోలు కారు మా అల్లుడి పేరు మీదనే ఉంది, కొని ఏడాది దాటింది. ఇంజను 1,500 సీసీ, పొడవు నాలుగు మీటర్ల పైమాటే. కారు మీద వాళ్లకు మమకారం ఎక్కువగా ఉండటం వల్లనూ, ఇంటి సామాను ఎలాగూ కంటైనరులో వస్తున్నందువల్లనూ, దాన్ని కూడా తెచ్చుకుంటే బాగుంటుందని అనుకుంటున్నారు.

ఈ విషయం మా అపార్ట్‌మెంటులో ఎత్తినప్పుడు ఒకరు ఒక సలహా ఇచ్చారు. కార్నే అనే పత్రం తీసుకుంటే సుంకం లేకుండానే కారును దేశంలోకి తేవచ్చని, ఆరు నెలలు ఆ బ్రిటిష్ నంబరుతోనే తిప్పుకొని, ఆ తరువాత పుదుచ్చేరిలో రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చని వారి మాట. వినడానికి సులువుగానే ఉన్నా, అంత సులువైన దారి ఉంటే అందరూ అదే చేసేవారు కదా అన్న అనుమానం నన్ను వదలడం లేదు. ఇది చట్టబద్ధమేనా? కాకపోతే సక్రమమైన మార్గం ఏది, దానికి సుమారుగా ఎంత ఖర్చవుతుంది? కారు ఇక్కడికి వచ్చాక నేనూ, మా అబ్బాయీ దాన్ని నడపవచ్చా? ఈ పనులు తెలిసినవారు ఉంటే దయచేసి వివరంగా చెప్పగలరు.

మొదటి సమాధానం (కస్టమ్స్ క్లియరింగ్ పనిలో ఉన్నవారు, చెన్నై)

అయ్యా, మీ అనుమానం సరైనదే. ఆ సలహా పాటించవద్దని ముందుగానే గట్టిగా చెబుతున్నాను.

విదేశీ కారు మన దేశంలోకి రావడానికి రెండు వేరువేరు దారులు ఉన్నాయి. ఒకటి తాత్కాలిక ప్రవేశం, రెండవది సుంకం కట్టి చేసే దిగుమతి. మొదటి దారిలో లోపలికి వచ్చి, తీరిగ్గా రెండవ దారిలోకి మారిపోవచ్చని చాలామంది అనుకుంటారు, చిక్కులన్నీ అక్కడే మొదలవుతాయి. కార్నే అన్నది పర్యటనకు వచ్చి తిరిగి వెళ్లిపోయేవారి కోసం ఏర్పడిన పత్రం. 1954లో న్యూయార్క్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం దీనికి మూలం. దీని మీద వచ్చిన కారు మన దేశంలో సాధారణంగా ఆరు నెలలకు మించి ఉండకూడదు, గడువులోగా తిరిగి బయటికి వెళ్లిపోవాలి. తెచ్చిన వ్యక్తి నివాసం విదేశంలో ఉండాలన్నది అసలు షరతు. మీ అల్లుడుగారు శాశ్వతంగా వచ్చేస్తున్నారు కాబట్టి ఆయన పర్యాటకుడు కారు. అంటే ఆరు నెలల తరువాత సంగతి దాకా ఎందుకు, మొదటి రోజు నుంచే ఆ పత్రం ఆయనకు వర్తించదు.

షరతు మీద సుంకం మినహాయింపు పొంది, ఆ షరతును ఉల్లంఘిస్తే, 1962 కస్టమ్స్ చట్టం 111వ సెక్షన్ కింద వాహనాన్ని జప్తు చేయవచ్చు, 112వ సెక్షన్ కింద జరిమానా వేయవచ్చు. కార్నే ఇచ్చిన సంఘం ఆ సుంకానికి హామీ ఉంటుంది కాబట్టి, ప్రభుత్వం ముందుగా ఆ సంఘం నుంచి వసూలు చేస్తుంది, ఆ సంఘం మీ అల్లుడుగారు పెట్టిన పూచీకత్తు నుంచి రాబట్టుకుంటుంది. 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ అధికారులు భూటాన్ నుంచి అక్రమంగా వచ్చిన కార్ల కోసం పెద్ద ఎత్తున సోదాలు జరిపిన వార్త మీరు చదివే ఉంటారు. దొంగ కాగితాలతో ఇక్కడ రిజిస్ట్రేషన్ చేయించారన్నది అందులోని ఆరోపణ. అలాంటి బండిని తెలియక కొన్నవారు కూడా అధికారులకు జవాబు చెప్పుకోవలసి వస్తుంది. రిజిస్ట్రేషన్ కాగితం చేతిలో ఉన్నంత మాత్రాన కస్టమ్స్ ప్రశ్న తీరిపోదని గుర్తుంచుకోండి.

ఇక సక్రమమైన దారి గురించి. కనీసం రెండేళ్లు వరుసగా విదేశంలో ఉండి, శాశ్వత నివాసానికి తిరిగి వస్తున్న వ్యక్తి, తన స్వాధీనంలో అక్కడ కనీసం ఏడాది పాటు ఉన్న ఒక కారును దిగుమతి లైసెన్సు లేకుండా తెచ్చుకోవచ్చు. ఈ రెండు షరతులూ మీవాళ్లు తీరుస్తున్నారు. అయితే ఇంటి సామానుకు నివాస మార్పు కింద దొరికే సుంకం రాయితీ మోటారు వాహనాలకు వర్తించదు, కారు మీద పూర్తి సుంకం కట్టవలసిందే. సామానుతో పాటు ఒకే కంటైనరులో వస్తే కారు కూడా సామానుగానే పోతుందని చాలామంది భ్రమపడతారు కాబట్టి ఈ మాట విడిగా చెబుతున్నాను.

దీనికి తోడు, వాడిన వాహనాలకు విదేశీ వాణిజ్య విధానం పెట్టిన షరతులు ఉన్నాయి. కారు తయారైన తేదీ నుంచి మూడేళ్లు దాటకూడదు. స్టీరింగు కుడివైపున ఉండాలి. స్పీడోమీటరు కిలోమీటర్లలో చూపాలి, హెడ్‌లైట్ల వెలుగు ఎడమవైపు నడిచే రాకపోకలకు తగినట్లుగా పడాలి. దిగుమతి తేదీ నుంచి కనీసం ఐదేళ్లు రోడ్డు మీద నడవగల స్థితిలో ఉండాలి, ఆ ఐదేళ్లూ సర్వీసు దొరుకుతుందన్న హామీ ఉండాలి. ఓడ ఎక్కించే ముందు అక్కడ తనిఖీ చేయించిన ధ్రువపత్రం కావాలి, ఇక్కడికి వచ్చాక పుణేలోని ఆరాయ్ (భారత ఆటోమోటివ్ పరిశోధన సంఘం) వంటి గుర్తింపు పొందిన సంస్థలో పరీక్ష జరగాలి. యూకేలో కూడా మనలాగే ఎడమవైపున నడుపుతారు కనుక స్టీరింగు, హెడ్‌లైట్ల విషయంలో మీకు ఇబ్బంది లేదు. స్పీడోమీటరు డిజిటల్ అయితే మైళ్ల నుంచి కిలోమీటర్లకు మార్చుకునే వీలు సాధారణంగా ఉంటుంది, అది ఒకసారి సరిచూసుకోమనండి. అమెరికా నుంచో దుబాయి నుంచో వచ్చేవారికి ఈ అదృష్టం లేదు, స్టీరింగు షరతు దగ్గరే వారి కారు ఆగిపోతుంది.

మరొక ముఖ్యమైన విషయం ఓడరేవు. కొత్త కార్లు చెన్నై, ఎన్నూరు, కొచ్చి, విశాఖపట్నం వంటి పలు రేవుల ద్వారా రావచ్చు. వాడిన కార్లకు మాత్రం నిబంధన ముంబయి రేవునే చెబుతుంది. బెంగళూరుకు చెన్నై దగ్గర కదా అని ఇంటి సామానుతో కలిపి చెన్నైకి బుక్ చేస్తే, కంటైనరు దిగిన తరువాత ఈ సమస్య బయటపడుతుంది. అప్పుడు రోజురోజుకూ పెరిగే డెమరేజీ (సరుకు రేవులో నిలిచిపోయినందుకు కట్టే రుసుము), కంటైనరు అద్దె మీరే భరించాలి. సామాను చెన్నైకి, కారు ముంబయికి విడివిడిగా పంపాలి.

రెండవ సమాధానం (ఇందిరానగర్ నివాసి, బెంగళూరు)

పైన చెప్పినదంతా సరైనదే. కార్నే మీద నిజంగా పర్యటనకు వచ్చే బంధుమిత్రులు మనలో చాలామందికి ఉంటారు కనుక, ఆ దారి గురించి కొంచెం వివరంగా రాస్తాను. ఇంగ్లండులో స్థిరపడిన మా స్నేహితుడి కుటుంబం తమ కారును ఓడలో చెన్నైకి పంపి, దక్షిణాది అంతా తిరిగి, మళ్లీ ఓడ ఎక్కించుకొని వెళ్లింది. ఆ పనుల్లో ఇక్కడి నుంచి నేను సాయపడ్డాను.

కార్నే ఒక చిన్న పుస్తకం. అందులో ప్రతి పుటకూ మూడు భాగాలు ఉంటాయి. కారు దేశంలోకి రాగానే కస్టమ్స్ అధికారి ప్రవేశ భాగాన్ని చించి తీసుకొని, పుస్తకంలోనే మిగిలే మొదలు భాగం మీద ముద్ర వేస్తారు. బయటికి వెళ్లేటప్పుడు నిష్క్రమణ భాగాన్ని చించుకొని మళ్లీ ముద్ర వేస్తారు. ఈ రెండవ ముద్ర పడకపోతే, కారు నిజంగానే దేశం దాటిపోయినా, కాగితాల ప్రకారం ఇక్కడే ఉన్నట్లు లెక్క. అప్పుడు పూచీకత్తు సొమ్ము తిరిగి రాదు. అందుకే కారు వెళ్లే రోజున ఆ ముద్రను స్వయంగా చూసుకోకుండా రేవు వదిలి రాకూడదని నేను అందరికీ చెబుతాను. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు కార్నేలోనూ, రిజిస్ట్రేషన్ పత్రంలోనూ అక్షరం తేడా లేకుండా ఒకటిగా ఉండాలి. సున్నాను ఓ అనే ఇంగ్లీషు అక్షరంగా టైపు చేసిన పత్రం వల్ల మా వాళ్ల పని కొంతకాలం ఆగిపోయింది.

రోడ్డు మీద తిరిగేందుకు వేరే నిబంధనలు ఉన్నాయి. 2022 ఆగస్టులో కేంద్ర రోడ్డు రవాణా శాఖ విదేశాల నుంచి వచ్చే వ్యక్తిగత వాహనాల కోసం ప్రత్యేక నియమాలు ప్రకటించింది. చెల్లుబాటయ్యే రిజిస్ట్రేషన్ పత్రం, డ్రైవింగ్ లైసెన్సు లేదా అంతర్జాతీయ అనుమతి పత్రం, బీమా, ఆ దేశంలో వర్తించేటట్లయితే కాలుష్య ధ్రువపత్రం, ఇవన్నీ బండిలో ఉండాలి. పత్రాలు ఇంగ్లీషులో కాక వేరే భాషలో ఉంటే, అధికారికంగా ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదం వెంట ఉంచుకోవాలి. ఆ వాహనంలో ఇక్కడి ప్రయాణికులనూ, సరుకునూ ఒకచోటి నుంచి మరొకచోటికి చేరవేయకూడదు. ఎడమవైపు స్టీరింగు ఉన్న కారును కూడా ఈ తాత్కాలిక పద్ధతిలో నడపవచ్చు కానీ, మోటారు వాహనాల చట్టం 120వ సెక్షన్ ప్రకారం పనిచేసే స్థితిలో ఉన్న యాంత్రిక లేదా విద్యుత్ సంకేత పరికరం దానికి ఉండి తీరాలి.

బీమా విషయంలో చాలామంది పొరబడతారు. విదేశీ కంపెనీ పాలసీ చేతిలో ఉంటే చాలనుకుంటారు. మన చట్టంలోని 146వ సెక్షన్ అడిగేది ఇక్కడ వ్యాపారం చేసే గుర్తింపు పొందిన బీమా సంస్థ ఇచ్చిన మూడవ పక్షం బీమాను. రేవు గేటు దాటే ముందే దాన్ని తీసుకోవాలి. మా స్నేహితుడి కారును హోసూరు దాటాక వెనుక నుంచి ఒక ద్విచక్ర వాహనం ఢీకొన్నప్పుడు, ఆ పాలసీ చేతిలో ఉండటం వల్లనే పోలీసు స్టేషను పని సాఫీగా జరిగిపోయింది.

కార్నే మీద వచ్చిన కారును మీరూ మీ అబ్బాయీ నడపవచ్చా అన్న ప్రశ్నకు నా సలహా, నడపవద్దనే. మినహాయింపు ఇచ్చింది విదేశంలో నివసించే ఆ వ్యక్తి సొంత వాడకం కోసం. ఇక్కడ నివాసం ఉండేవారు ఆ కారును రోజూ ఆఫీసుకు వేసుకువెళితే మినహాయింపు ఉద్దేశమే దెబ్బతింటుంది. సుంకం కట్టి, ఇక్కడ రిజిస్ట్రేషన్ చేయించిన కారుకు ఈ చిక్కు లేదు. లైసెన్సు ఉన్న ఎవరైనా నడపవచ్చు.

రోడ్డు మార్గంలో వద్దామనుకునేవారికి ఒక్క మాట. ఇంగ్లండు నుంచి ఇరాన్, పాకిస్తాన్ మీదుగా పంజాబు సరిహద్దులోని అట్టారీ దాకా వచ్చే పాత దారి, 2025 ఏప్రిల్‌లో ఆ సరిహద్దును మూసివేసిన తరువాత తెగిపోయింది. అందుకే ఓడ మాట ఎక్కువగా వినిపిస్తోంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. పుదుచ్చేరి ఆలోచనను పూర్తిగా పక్కన పెట్టేశాము. ఇప్పుడు మా అమ్మాయి అడుగుతున్నది ఒక్కటే. సుంకం కట్టి తెచ్చుకోవడమే మార్గమైతే, మొత్తం ఎంత అవుతుందో ఒక ఉదాహరణతో చెప్పగలరా? కొన్నప్పుడు డిస్కౌంటు మీద తక్కువకే వచ్చిందని, ఆ బిల్లు చూపితే సుంకం తగ్గుతుందని అల్లుడుగారు అనుకుంటున్నారు.

మొదటి సమాధానం ఇచ్చినవారు (చెన్నై)

బిల్లు ఒక్కటే ఆధారం కాదండీ. వాడిన కారు విలువ కట్టేటప్పుడు, అది కొత్తగా తయారైన కాలంలో ఆ మోడలు ధర ఎంత ఉండేదో చూసి, దాని నుంచి తరుగుదల తీసివేస్తారు. మొదటి ఏడాదిలో మూడు నెలలకు 4 శాతం చొప్పున, రెండవ ఏడాదిలో 3 శాతం చొప్పున, మూడవ ఏడాదిలో 2.5 శాతం చొప్పున తరుగు ఇస్తారు. అంటే పూర్తిగా రెండేళ్లు వాడిన కారుకు మొత్తం 28 శాతం తరుగు వస్తుంది. ఆ మిగిలిన విలువకు ఓడ కిరాయి, రవాణా బీమా కలుపుతారు.

అలా కలిపిన విలువ 20 లక్షల రూపాయలు అనుకుందాం. వాడిన కార్ల మీద మూల సుంకం చాలా ఏళ్లుగా 125 శాతం ఉండేది. 2025 బడ్జెట్‌లో దాన్ని 70 శాతానికి తగ్గించారని విని చాలామంది సంతోషించారు కానీ, దాని పక్కనే 67.5 శాతం వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు వచ్చి చేరింది. రెండూ కలిపితే 137.5 శాతం. అంతకు ముందు 125 శాతం మీద సాంఘిక సంక్షేమ సర్‌చార్జీ కలిపితే వచ్చేదీ అంతే. కాబట్టి వాడిన కారు తెచ్చుకునేవారికి ఆ తగ్గింపు వల్ల ఒరిగింది లేదు. ఈ లెక్కన 27 లక్షల 50 వేలు అవుతుంది, కారు విలువతో కలిపి 47 లక్షల 50 వేలు. ఈ మొత్తం మీద సమీకృత వస్తుసేవల పన్ను పడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్లకు అది 40 శాతం. పెట్రోలు ఇంజను 1,200 సీసీ లోపు, పొడవు నాలుగు మీటర్ల లోపు ఉన్న చిన్న కార్లకే 18 శాతం, మీ కారు ఆ రెండు హద్దులూ దాటింది. కనుక మరో 19 లక్షలు. మొత్తం మీద ప్రభుత్వానికి కట్టేది 46 లక్షల 50 వేలు, కారు విలువకు రెండింతల కంటే ఎక్కువ. బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి వివరాలతో కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం) దాఖలు చేసిన నాటి రేట్లే వర్తిస్తాయి కాబట్టి ఓడ నడిసముద్రంలో ఉండగా రేట్లు మారితే మారిన రేటే కట్టాలి.

ఈ విధంగా తెచ్చిన కారును రెండేళ్ల దాకా అమ్మకూడదన్న షరతు రిజిస్ట్రేషన్ పత్రం మీద రాయిస్తారు. డబ్బు అవసరమైతే అమ్ముకుందామన్న ధైర్యం కూడా ఆ రెండేళ్లూ ఉండదు. ఎన్నో కుటుంబాలకు ఈ పని చేసిపెట్టిన అనుభవంతో, మీ ఇంటి మనిషికి చెప్పినట్లే చెబుతున్నాను. కారు ఎంతో అపురూపమైనదైతే తప్ప, అక్కడే అమ్మేసి ఆ సొమ్ముతో ఇక్కడ కొత్తది కొనుక్కోవడమే మేలు. మీ అల్లుడుగారి మోడలు మన దేశంలో అమ్ముడుపోకపోతే ఆ ఐదేళ్ల సర్వీసు హామీ తేవడమే కష్టం, తెచ్చినా అద్దం పగిలితే, బంపరు విరిగితే ప్రతి భాగమూ మళ్లీ సుంకంతో విదేశం నుంచే రావాలి.

మూడవ సమాధానం (జయనగర్ నివాసి, బెంగళూరు)

కస్టమ్స్ దాటాక ఉన్న మెట్టు గురించి ఎవరూ రాయలేదు కనుక నేను కలుపుతున్నాను. దిగుమతి చేసిన కారును మీ నివాసం ఉన్న రాష్ట్రంలోని రవాణా కార్యాలయంలోనే మొదటిసారి రిజిస్ట్రేషన్ చేయించాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 47వ నియమం ప్రకారం, మామూలు దరఖాస్తుతో పాటు కస్టమ్స్ క్లియరెన్సు ధ్రువపత్రం కూడా జతచేయాలి. చిరునామా రుజువు బెంగళూరుది అయి ఉండాలి. శాశ్వతంగా తిరిగి వచ్చినవారికి ఆధార్‌లో పాత ఊరి చిరునామా ఉండిపోతుంది, అద్దె ఒప్పందం ఇంకా రాసి ఉండదు. ఆ కాగితాలు ముందే సిద్ధం చేసుకుంటే కారు షెడ్డులో నెలల తరబడి పడి ఉండదు.

కర్నాటకలో జీవితకాల పన్ను దేశంలోని అధిక పన్నులలో ఒకటి. 20 లక్షలు దాటిన కార్లు 18 శాతం శ్రేణిలో పడతాయి, ఆ పన్ను మీద మళ్లీ సెస్సు ఉంటుంది. పైగా దిగుమతి కారుకు విలువ అంటే సుంకంతో కలిపిన విలువ. పై ఉదాహరణలోని 66 లక్షల 50 వేల మీద 18 శాతం అంటే దాదాపు 12 లక్షలు. పుదుచ్చేరి ఆకర్షణకు అసలు కారణం ఈ అంకెనే. అక్కడ పన్ను తక్కువ కాబట్టి ఏదో ఒక చిరునామా చూపి రిజిస్ట్రేషన్ చేయించి, కారును మాత్రం బెంగళూరులోనే తిప్పుతారు. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం, ఒక రాష్ట్రంలో నమోదైన బండిని మరొక రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే, కొత్త రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ చేయించుకోవలసిందే. అసలు నివాసమే అక్కడ లేనప్పుడు ఆ పన్నెండు నెలల వెసులుబాటును కూడా నిజాయితీగా అడగలేము. 2025 ఫిబ్రవరిలో బెంగళూరు రవాణా అధికారులు ఇక్కడ పన్ను కట్టని ఖరీదైన కార్లను వరుసగా స్వాధీనం చేసుకున్నారు. వాటిలో బయటి రాష్ట్రాల నంబర్లవి ఉన్నాయి. రోజూ మనం నడిచే రోడ్లకు ఆధారమైన పన్నును తప్పించుకోవడం తప్పని నేను నమ్ముతాను. పిల్లలకు కూడా అదే చెప్పాలి.

ప్రశ్న అడిగినవారు

మీ అందరి సమాధానాలనూ అమ్మాయికి, అల్లుడికి పంపించాను. పన్నులన్నీ కలిపి చూసుకున్నాక కారును అక్కడే అమ్మేయడానికి ఇద్దరూ దాదాపు సిద్ధపడ్డారు. అయితే అల్లుడుగారి అన్నగారు కూడా లండను నుంచి తిరిగి వచ్చే ఆలోచనలో ఉన్నారు. ఆయన ఖర్చుకు వెనుకాడకుండా తన కారును తెచ్చుకుంటానంటున్నారు. ఆయన కారు రిజిస్ట్రేషను అయి రెండేళ్లు దాటిందట. ఇంకా సమయం ఉన్నట్లేనా?

మొదటి సమాధానం ఇచ్చినవారు (చెన్నై)

రిజిస్ట్రేషన్ తేదీని నమ్ముకోవద్దనండి. మూడేళ్ల లెక్క తయారైన తేదీ నుంచి మొదలవుతుంది. ఫ్యాక్టరీలో తయారైన కారు డీలరు దగ్గర నెలల తరబడి అమ్ముడుపోకుండా ఉండి, ఆ తరువాత రిజిస్టరు కావడం మామూలే. రిజిస్ట్రేషన్ ప్రకారం రెండేళ్ల మూడు నెలలైన కారు, తయారీ ప్రకారం రెండేళ్ల పది నెలలది కావచ్చు. ముందస్తు తనిఖీకి, ఓడ దొరకడానికి, ప్రయాణానికి కలిపి నెలలు పడతాయి కాబట్టి అలాంటి కారు ముంబయి చేరేసరికి గడువు దాటిపోతుంది. గడువు దాటిన కారు నిషిద్ధ సరుకు కిందికి వస్తుంది. దాన్ని జప్తు చేయవచ్చు, లేదా భారీ జరిమానాతో వెనక్కి పంపవలసి రావచ్చు.

కనుక ఛాసిస్ నంబరు ఇచ్చి, తయారైన నెల, సంవత్సరం తెలుపుతూ తయారీదారు నుంచి లిఖితపూర్వకమైన లేఖను ఆయన ఇప్పుడే తెప్పించుకోవాలి. ఏడాదికి పైగా కారు తన స్వాధీనంలో ఉందని చూపడానికి వీ5సీ పత్రం (యూకే వాహన రిజిస్ట్రేషన్ పత్రం), బీమా పత్రాలు, రెండేళ్ల నివాసానికి పాస్‌పోర్టు ముద్రలు, జీతం కాగితాలు కూడా పక్కన పెట్టుకోమనండి. వీ5సీలో శాశ్వత ఎగుమతికి సంబంధించిన భాగాన్ని నింపి అక్కడి వాహన శాఖకు పంపే ముందు, మిగిలిన పుటలన్నీ స్కాన్ చేసి ఉంచుకోవాలి. ఆ లేఖలో తేదీ చూశాక, చేతిలో ఎనిమిది నెలలైనా మిగిలి ఉంటేనే ఓడ బుకింగు మాట ఎత్తమనండి.